ఆస్వాల్డ్ ఏ ఛానెల్‌ది? (ఇంట్లో బిర్యానీ పందెం నడుస్తోంది)

కాకినాడ_కాజా
పందెం కాబట్టి సూటిగా అడుగుతున్నా. నీలం రంగు ఆక్టోపస్, నెత్తిన నల్ల టోపీ, వెనకాలే సాసేజ్‌లాంటి కుక్కపిల్ల. ఆస్వాల్డ్. మొన్న ఆదివారం మా పాపకి యూట్యూబ్‌లో పెట్టి "ఇది నాన్న చిన్నప్పటి పోగో కార్టూన్" అన్నా. వంటింట్లోంచి మా ఆవిడ "పోగో కాదు, కార్టూన్ నెట్‌వర్క్" అని కేకేసింది. నేను కాదన్నా. తను ఔనంది. మాటా మాటా పెరిగి ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ దాకా వెళ్లింది.

తీరా ఆ వీడియో చివర చూస్తే నిక్ జూనియర్ అని ఉంది, అంటే నికెలోడియన్ వాళ్ల చిన్నపిల్లల విభాగం. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.

నా బాధ పందెం గురించి మాత్రమే కాదు. అన్నేళ్లు మూల లోగో పెట్టుకుని, మధ్యలో సొంత పాటలు పెట్టుకుని, అచ్చం తామే కన్నట్టు చూపించారు కదా. ఎవరి సరుకో తెచ్చి మన చీటీ అంటించి అమ్మడం ఏం పద్ధతి? ముందు పందెం తేల్చండి, తర్వాత నీతి మాట్లాడుకుందాం.

రిమోట్_రాణి
మీ ఆవిడే కరెక్ట్. కార్టూన్ నెట్‌వర్క్‌లో టైనీ టీవీ అని చిన్నపిల్లల కోసం ఒక గంప ఉండేది. నాడీ, బాబ్ ది బిల్డర్, ఆస్వాల్డ్ అన్నీ అందులోనే.

చుక్కల_గొర్రె
బిర్యానీ ఎక్కడిదో చెప్తే జవాబు ఆలోచిస్తా.

వరంగల్_వాసు
పోగోలనే వచ్చింది అన్నా. నేను జూసిన. టైనీ టీవీ పోగోల గూడ ఉండె.

రిమోట్_రాణి
వాసూ, రెండూ ఒకే ఇంటివి. టర్నర్ అనే అమెరికా కంపెనీ వాళ్లు 1995లో కార్టూన్ నెట్‌వర్క్ తెచ్చారు, 2004లో పోగో పెట్టారు. అక్క గౌను చెల్లికి వేసినట్టు ఇందులో వచ్చిందే అందులో తిప్పేవాళ్లు. కాబట్టి ఇద్దరూ చూసే ఉంటారు.

కాకినాడ_కాజా
అంటే ఇద్దరం గెలిచామా, ఇద్దరం ఓడామా? బిల్లు ఎవరు కట్టాలో తేలట్లేదు.

నెల్లూరు_దోశ
అసలు ఇందులో ఫిర్యాదు ఏముందో నాకు అర్థం కాలేదు. కిరాణా కొట్లో కందిపప్పు కొంటే పొలం ఎవరిదని అడుగుతామా? కొట్టువాడి కవర్లో వస్తుంది, తెచ్చుకుని వండుకుంటాం. పిల్లలకి బొమ్మ కదిలితే చాలు.

పాత_క్యాసెట్
దోశగారూ, పప్పుకి గొంతు మార్చరు కదండీ. కార్టూన్‌కి మారుస్తారు. నా వయసు వాళ్ల సంగతి చెప్తా. 1993 ప్రాంతం, దూరదర్శన్, ఆదివారం పొద్దున. మా వీధి మొత్తానికి కలర్ టీవీ ఒకటే, పోస్ట్‌మాస్టర్‌గారింట్లో. జంగిల్ బుక్ మొదలయ్యే వేళకి వాళ్ల వరండాలో చెప్పులు పెట్టే చోటు దొరికేది కాదు. మాకెవరికీ హిందీ రాదు. అయినా ఆ టైటిల్ పాట మొత్తం నోటికొచ్చు, తప్పులతో సహా.

అడవి మనది, మోగ్లీ మనవాడు, కాబట్టి కార్టూన్ కూడా మన ప్రభుత్వమే తీసిందని గట్టిగా నమ్మాం. అది 1989లో జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వాళ్లు తీసిన 52 ఎపిసోడ్ల సీరియల్ అని నాకు నలభై దాటాక తెలిసింది. పాట మాత్రం ఇక్కడిదే. రాసింది గుల్జార్, బాణీ విశాల్ భరద్వాజ్. షేర్‌ఖాన్ గొంతు నానా పాటేకర్‌ది. ఇప్పుడు చెప్పండి, అందులో మాకు ఈరోజుకీ గుర్తున్నదేంటి? బొమ్మలు గీసినవాళ్ల కష్టం ఒక్క ముక్క గుర్తులేదు. ఇక్కడ అతికించిన పాట గుర్తుంది.

వరంగల్_వాసు
మా నాయన ఇప్పటికి గూడ స్నానం జేసుకుంట గదే పాట పాడ్తడు.

జేడ్_ఫ్యాన్
క్యాసెట్ అంకుల్ చెప్పిందే మా బ్యాచ్‌కి ఖుషీ టీవీతో జరిగింది. 2009లో ఖుషీ వచ్చాక జాకీ చాన్ అడ్వెంచర్సే మా ప్రాణం. తెలుగులో జాకీ వాళ్ల ముసలి అంకుల్ తిట్లు, మేనకోడలు జేడ్ అల్లరి, 12 మంత్రాల తాయెత్తులు. క్లాసులో పెన్సిల్ చెక్కుల డబ్బాలో రాళ్లు దాచి ఇది కుందేలు తాయెత్తు, ఇది కోడి తాయెత్తు అని మార్చుకునేవాళ్లం.

ఇంజనీరింగ్‌లో హాస్టల్‌కి వెళ్లాక ఒక రాత్రి ఈ కబుర్లు వచ్చాయి. మావాడు ఒకడు తమిళం, "అది మా చుట్టి టీవీది, మీకు డబ్బింగ్ వచ్చి ఉంటుంది" అన్నాడు. పక్క మంచం మీది మలయాళీ లేచి కూర్చుని "కాదు, కొచ్చు టీవీ" అన్నాడు. ముగ్గురం గంటసేపు కొట్టుకున్నాం. మూడూ సన్ టీవీ వాళ్లవే అని ఎవడికీ తట్టలేదు. ఒకే సరుకు, మూడు వాకిళ్లు.

చుక్కల_గొర్రె
ఆ గంటలో చదివి ఉంటే సప్లీ పోయేది.

జేడ్_ఫ్యాన్
నిజమే, ఎం-టూ, అదే రెండో లెక్కల పేపరు, పోయింది ఆ సెమ్.
అసలు కామెడీ ఏంటంటే అమెరికాలో కూడా అది చూపించినవాళ్ల సొంతం కాదు. తీసింది సోనీ వాళ్లు, వేసింది కిడ్స్ డబ్ల్యూబీ అనే పిల్లల కార్యక్రమాల విభాగం. 2000 నుంచి 2005 దాకా 95 ఎపిసోడ్లు. ఇంకోటి, చాలా ఎపిసోడ్ల చివర అసలు జాకీ చాన్ వచ్చి పిల్లల ప్రశ్నలకి జవాబు చెప్తాడట. నేను పెద్దయ్యాక ఇంగ్లీషులో చూసినప్పుడు ఆ ముక్క రాగానే స్క్రీన్‌కి దగ్గరగా జరిగా. పదేళ్ల పాటు చూసిన కార్టూన్‌లో ఒక గది నాకు తాళం వేసి ఉందని అప్పుడు తెలిసింది.

ఎడిట్_సూట్
చాలా ఏళ్లుగా చదివి ఊరుకునేవాణ్ణి, ఈ టాపిక్ చూసి ఆగలేకపోయా. ఖుషీ రోజుల్లోనే నేనూ ఒక పిల్లల ఛానెల్‌కి ప్రోమోలు కట్ చేసేవాణ్ణి. ఏదని అడగొద్దు.

బయట కొన్న కార్టూన్ మా దగ్గరికి వచ్చేటప్పుడు దాని మీద ఏ ఛానెల్ లోగో ఉండదు. సౌండ్ రెండు భాగాలుగా వస్తుంది. మాటలు వేరు, మ్యూజిక్కూ చప్పుళ్లూ వేరు. ఆ రెండోదాన్ని ఎం అండ్ ఈ అంటాం. మాటల ట్రాక్ పక్కన పడేసి అక్కడ మన డబ్బింగ్ వాళ్ల గొంతులు కూర్చోబెడతాం. టైటిల్ కూడా అక్షరాలు లేకుండా ఉత్త బొమ్మ ఒకటి పంపుతారు, టెక్స్ట్‌లెస్ అని. పేరు మనం రాసుకోవాలి. అంటే అమ్మేవాడే "నీ పేరు రాసుకో నాయనా" అని ఖాళీ పలక ఇస్తున్నాడన్నమాట. కాజాగారు అన్న చీటీ అంటించడం దొంగతనం కాదు, ఒప్పందంలో భాగం.

ఆ ఒప్పందంలో ఎన్నేళ్లు, ఏ దేశం, ఏ భాష, ఎన్నిసార్లు వేసుకోవచ్చు అని ఉంటుంది. ఎన్నిసార్లు అనేదాన్ని రన్స్ అంటారు. గడువు ముగిసేలోపు రన్స్ అన్నీ పిండుకోవాలి, లేకపోతే డబ్బు నీళ్లపాలు. మీకు ఒకే ఎపిసోడ్ పదోసారి కనిపించేది అందుకే.

లోగోని ఎపిసోడ్‌లో కలిపి అతికించరు. ప్రసారమయ్యేటప్పుడు ఎంసీఆర్‌లో, అంటే చివరి కంట్రోల్ రూంలో, పైన వేస్తారు. పొద్దున అక్క ఛానెల్‌లో ఒక లోగోతో, సాయంత్రం చెల్లి ఛానెల్‌లో ఇంకో లోగోతో అదే ఫైల్ వెళ్తుంది. ఇదే మీ బిర్యానీ గొడవకి మూలం.

వరంగల్_వాసు
గిది అసలు ముచ్చట. ఇంక జెప్పు అన్నా.

ఎడిట్_సూట్
చెప్తా. నా మొదటి పని ఒక టైటిల్ కార్డు. పేరులో "ద్వీ" అనే అక్షరం ఉంది. అను అనే పాత తెలుగు ఫాంట్లలో టైప్ చేసి గ్రాఫిక్స్ మెషీన్‌లోకి తెస్తే ఒత్తులన్నీ విడిపోయాయి. "ద" కింద ఉండాల్సిన వ ఒత్తు వెళ్లి పక్క అక్షరం తర్వాత ఒంటరిగా కూర్చుంది. సీనియర్‌ని అడిగితే "ఇంగ్లీషులో పెట్టెయ్, ఎవడు చదువుతాడు" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఒత్తుని విడిగా బొమ్మలా గీసి "ద" కింద పెట్టా. టైటిల్ ఎడమ నుంచి కుడికి జారాలి, అక్షరంతో పాటు ఒత్తు జారదు. ఫ్రేము ఫ్రేముకీ చేత్తో జరిపా. సెకనుకి 25 ఫ్రేములు, టైటిల్ నాలుగు సెకన్లు. రాత్రి రెండున్నర అయింది.

ఆ కార్టూన్ ఎవరిదని నన్నడిగితే సగం సిగ్గుతోనే చెప్తా, ఆ ఒత్తు వరకూ నాది.

చుక్కల_గొర్రె
వంద ఫ్రేముల ఒత్తు. దీనికి సంతకం ఉండాలి.

ఇద్దరు_పిల్లల_తల్లి
మీ కష్టం అర్థమైంది గానీ ఎడిట్‌గారూ, ఆ "సరికొత్త ఎపిసోడ్లు" సంగతి చెప్పండి. పేరు చెప్పను, పోయిన వేసవి సెలవుల్లో ఒక ఛానెల్ వారం రోజులు ఊదరగొట్టింది. సోమవారం సాయంత్రం 5కి సరికొత్త ఎపిసోడ్లు అని. మా చిన్నాడు చెప్పకుండానే స్నానం చేసి, పాలు తాగేసి కూర్చున్నాడు. అలాంటి రోజు మళ్లీ రాలేదు. మొదలై రెండు నిమిషాలు కాలేదు, "అమ్మా, వీడు ఇప్పుడు బురదలో పడతాడు చూడు" అన్నాడు. పడ్డాడు.

నెల్లూరు_దోశ
ఇది మాత్రం మోసమే. ఒప్పుకుంటున్నా.

ఎడిట్_సూట్
తల్లీ క్షమించండి, అలాంటి ప్రోమోలు నేనూ కట్ చేశా. లోపల మాటలకి అర్థాలు వేరే ఉంటాయి. "తొలిసారి" అంటే మన ఛానెల్‌లో తొలిసారి. "సరికొత్త" అంటే ఒక్కోసారి కొత్త గొంతులతో మళ్లీ డబ్ చేసింది. "ధమాకా", "మారథాన్" అంటే చూసేసినవే పది వరసపెట్టి వేయడం. పాత సరుకుకి కొత్త పేరు కావాలంటే పండగ పేరు తగిలించడం అన్నిటికంటే సులువు. దసరాకి ఒక పేరు, సంక్రాంతికి ఇంకో పేరు, లోపల అవే ఆరు ఎపిసోడ్లు.

ఇద్దరు_పిల్లల_తల్లి
మారథాన్ అంటే మాకే. రిమోట్ పట్టుకుని పరుగు.

పాత_క్యాసెట్
మధ్యలో అన్ని సొంత ముక్కలు ఎందుకు వేస్తారో కూడా చెప్పండి. కార్టూన్ కన్నా పుట్టినరోజు ఫొటోలే ఎక్కువ కనిపించేవి.

ఎడిట్_సూట్
లెక్క చాలడానికి. అరగంట స్లాటుకి బయటినుంచి వచ్చే ఎపిసోడ్ సుమారు 22 నిమిషాలు. ఇక్కడ రూల్ ప్రకారం గంటకి ప్రకటనలు 12 నిమిషాలు దాటకూడదు. అందులో కూడా వ్యాపార ప్రకటనలు 10, సొంత ప్రచారం 2. అంటే అరగంటకి 6. ఇరవై రెండూ ఆరూ ఇరవై ఎనిమిది. మిగిలిన రెండు నిమిషాలు ఏదో ఒకటి ఉండాలి. డ్రాయింగులు, పొడుపు కథలు, మస్కట్ గంతులు. ఛానెల్ తన మొహం చూపించుకునేది కూడా అక్కడే.

ప్లానో_పెద్దబ్బాయి
ఇక్కడ అమెరికాలో అర్ధరాత్రి, రేపు ఆఫీసు ఉంది, అయినా రాస్తున్నా. ఇదంతా మన దేశపు తెలివి అనుకోకండి. కార్టూన్ నెట్‌వర్క్ పుట్టుకే పాత సామాన్ల కొట్టు. టెడ్ టర్నర్ 1986లో ఎంజీఎం సినిమాల లైబ్రరీ తీసుకున్నాడు, దాంతో టామ్ అండ్ జెర్రీ వచ్చింది. 1991లో హానా బార్బెరా వచ్చింది. ఇంత సరుకు చేతిలో ఉంది కాబట్టి 1992 అక్టోబర్ 1న ఛానెల్ తెరిచారు. సొంత కార్టూన్లు గట్టిగా తీయడం తర్వాత సంగతి.

పాతదాన్ని కొత్తగా చూపించడంలో వాళ్ల పనితనం చూడాలంటే స్పేస్ ఘోస్ట్. 1966 నాటి సూపర్ హీరో. 1994లో అవే బొమ్మలు కత్తిరించి వాడుకుని అతన్ని టాక్ షో యాంకర్‌ని చేశారు. అందులో విలన్ మోల్టార్‌ని 1997లో టూనామీ అనే కార్టూన్ల బ్లాకుకి యాంకర్‌గా కూర్చోబెట్టారు. తర్వాత అతని చోట టామ్ అనే రోబో వచ్చాడు, అంతరిక్ష నౌక, గంభీరమైన గొంతు. 1998లో డ్రాగన్ బాల్ జీ అందులో చేరింది. జపాన్ సరుకు, టర్నర్ ఓడ. మా ఆఫీసులో నా ఈడు తెల్లవాళ్లు ఇప్పటికీ "డ్రాగన్ బాల్ చూశాం" అనరు, "టూనామీ చూసేవాళ్లం" అంటారు. ఓడ పేరే గుర్తుంది, సరుకు ఎక్కడిదో కాదు.

నికెలోడియన్ ఇంకో దారి పట్టింది. 1991లో డగ్, రగ్‌రాట్స్, రెన్ అండ్ స్టింపీ మొదలైనప్పుడు సొంతవాటికే నిక్‌టూన్స్ అని పేరు పెట్టుకుంది. కన్నబిడ్డకి ఇంటిపేరు, పెంచిన బిడ్డకి భోజనం.

రిమోట్_రాణి
ఆ చివరి వాక్యం దారుణం పెద్దబ్బాయ్, కానీ దాచుకుంటున్నా.
టామ్ అండ్ జెర్రీ అంటే గుర్తొచ్చింది. కొన్ని ఎపిసోడ్లు వింతగా ఉండేవి కదా, సౌండ్ బావిలోంచి వచ్చినట్టు, టామ్ మొహం ఎవరో వేరేవాళ్లు గీసినట్టు. మా అన్నయ్య వాటిని దయ్యం ఎపిసోడ్లు అనేవాడు.

ప్లానో_పెద్దబ్బాయి
వేరేవాళ్లే గీశారు రాణిగారూ. హానా, బార్బెరా 1940 నుంచి 1958 దాకా 114 తీశారు. తర్వాత 13 జీన్ డైచ్ అనే ఆయన ప్రాగ్‌లో చేయించాడు, మీ అన్నయ్య దయ్యాలు అవే. ఆ తర్వాత 34 చక్ జోన్స్‌వి, టామ్‌కి కనుబొమ్మలు దట్టంగా ఉంటాయి. టీవీలో అన్నీ ఒకే డబ్బాలో పోసి కలిపేశారు.

పాత_క్యాసెట్
ఫ్రెడ్ క్వింబీ అనే పేరు ప్రతి ఎపిసోడ్ మొదట్లో చదివి చదివి ఆయనే పిల్లినీ ఎలకనీ గీశాడనుకున్నా చాలాకాలం. తీరా ఆయన నిర్మాత.

చుక్కల_గొర్రె
మా తమ్ముడు ఆయన్ని జెర్రీ పూర్తి పేరు అనుకున్నాడు.

వరంగల్_వాసు
నాది ఉల్టా కేసు. ఛోటా భీమ్ ఏడనో ఢిల్లీల, ముంబైల తీస్తరనుకున్న. ధోలక్‌పూర్ అంటరు, లడ్డూలంటరు, మన దిక్కు లెక్క ఏముండదు. తీరా జూస్తే గ్రీన్ గోల్డ్, మన హైదరాబాద్. 2008ల పోగోల మొదలైంది. నా దోస్తు ఒకడు యానిమేషన్ కోర్సు జేసి ఏడ జేరిన్నో చెప్తే నమ్మలే. మన ఊర్ల తయారైన సరుకుని గూడ "పోగో భీమ్" అనే పిలిచినం.

నెల్లూరు_దోశ
చూశారా, నేను ముందే అన్నా. కందిపప్పు పక్క ఊళ్లో పండినా కొట్టువాడి పేరే.

జేడ్_ఫ్యాన్
దోశన్నా పప్పు వదలవా.
పేర్ల సంగతి కూడా చూడండి. డోరేమాన్ మనకి వచ్చినప్పుడు నోబితా, షిజుకా, జియాన్, సునియో అలాగే ఉన్నారు, డోరాకేక్ కూడా తిన్నాడు. అదే 2014లో అమెరికాలో డిస్నీ వేసినప్పుడు నోబితాని నోబీ చేశారు, జియాన్ బిగ్ జీ, షిజుకా స్యూ, సునియో స్నీచ్. మనవాళ్లే నయం. గొంతు మార్చారు గానీ పేరు ఉంచారు.

ఇద్దరు_పిల్లల_తల్లి
మా పెద్దది షిజుకా అని పేరు పెట్టింది పక్కింటి కుక్కకి. స్యూ అయితే పిలవడం సులువుండేది.

కాకినాడ_కాజా
అందరూ బాగానే ఉన్నారు, నా ఆస్వాల్డ్ ఎక్కడ? నిక్ వాళ్లదైతే, ఇక్కడ నిక్ ఛానెల్ ఉండగా పోటీవాళ్ల దగ్గరికి ఎందుకెళ్లాడు? ఇది తేలితే గానీ నాకు అన్నం పెట్టరు.

ప్లానో_పెద్దబ్బాయి
దీనికి జవాబుంది. ఆస్వాల్డ్‌ని 2001లో నిక్‌తో కలిసి తీసింది లండన్‌కి చెందిన హిట్ ఎంటర్‌టైన్‌మెంట్. బాబ్ ది బిల్డర్, కిప్పర్ వాళ్లవే. అమెరికాలో నిక్ జూనియర్ వేసుకుంది. బయటి దేశాలకి అమ్మింది హిట్. రాణిగారు మొదట్లోనే చెప్పారు చూడండి, టైనీ టీవీ గంపలో బాబ్ పక్కనే ఆస్వాల్డ్ ఉండేవాడని. గంపంతా దాదాపు ఒకే అంగడి నుంచి వచ్చింది.

ఎడిట్_సూట్
అంతే. ఒకటి కొంటే నాలుగు కట్టగట్టి ఇస్తారు. మార్కెట్లో టమాటా కొంటే కొత్తిమీర వేసినట్టు.

చుక్కల_గొర్రె
ఆస్వాల్డ్ కొత్తిమీరా?

రిమోట్_రాణి
ఆ చెంచాలు పోగేసే పెంగ్విన్ హెన్రీ ఉన్నాడే, వాడి కోసమైనా ఆస్వాల్డ్‌ని కొత్తిమీర అనకండి.

కాకినాడ_కాజా
తీర్పు ఇంట్లో చదివి వినిపించా. పోగోలో వచ్చింది, కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చింది, కానీ ఇద్దరిదీ కాదు, లండన్ వాళ్లు అమ్మారు అని. మా ఆవిడ అంతా విని "నేను 'వచ్చింది' అన్నా, మీరు 'పోగోది' అన్నారు. తప్పు మీది" అంది. పైన నా మొదటి పోస్టు తెరిచి చూపించింది కూడా. అక్కడ నిజంగానే "పోగో కార్టూన్" అని ఉంది. ఆర్డర్ పెట్టేశా.

వరంగల్_వాసు
స్క్రీన్‌షాట్ సాక్ష్యం ముందల ఎవరైనా ఓడిపోవాల్సిందే అన్నా.

చుక్కల_గొర్రె
లెగ్ పీస్ ఎవరికి పడింది?

కాకినాడ_కాజా
రెండూ పాపకే. తింటూ "నాన్నా, మళ్లీ ఆ యూట్యూబ్ ఆక్టోపస్ పెట్టు" అంది.